రోగం కొత్తది, వెలి పాతది

1

రోగాల చరిత్ర అనగానే మనకు అలవాటైన అర్థం ఒకటుంది. ఏ క్రిమిని ఎవరు కనిపెట్టారు, ఏ మందు ఎప్పుడు వచ్చింది, ఏ ప్రభుత్వం ఎన్ని ఆసుపత్రులు కట్టించింది - ఇదీ ఆ చరిత్ర. రోగి అందులో ఒక అంకెగా మాత్రమే కనిపిస్తాడు. ఆ రోగి తినే కంచాన్ని ఎవరు వేరు చేశారు, అతని భార్యకు రావలసిన అరెకరం ఎవరి పేరుకు మారింది, అతని పిల్లల్ని బడిలో ఎక్కడ కూర్చోబెట్టారు - ఈ ప్రశ్నలు వైద్య చరిత్రకు పట్టవు. సాంఘిక చరిత్రకు ఇవే అసలు ప్రశ్నలు.

హెచ్.ఐ.వి. గురించి మన ప్రాంతంలో ముప్పై ఏళ్ళుగా ఒక వాదన వింటున్నాం. ప్రజలకు తెలియదు కాబట్టి భయపడుతున్నారు, భయం వల్ల దూరం పెడుతున్నారు, తెలియజెబితే అన్నీ సర్దుకుంటాయి - ఇదీ ఆ వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కాని అది సగం నిజం. తెలియనివాళ్ళ భయం ఎంత ఉందో, తెలిసినవాళ్ళ వెలి అంతకన్నా తక్కువ లేదు. రోగం వచ్చి వెలిని పుట్టించలేదు. మన సమాజంలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్న వెలి, వచ్చిన రోగాన్ని తన పనికి వాడుకుంది. ఈ మాట వాదన కోసం అంటున్నది కాదని, మన జిల్లా చరిత్రే దీనికి సాక్ష్యమిస్తుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను కర్లపాలెం ప్రాంతం వాణ్ణి. బాపట్ల నుంచి రేపల్లె వైపు పోయే దారిలో ఉన్న మండల కేంద్రమిది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. ఒక పక్క కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి, ఇంకో పక్క సముద్రం దగ్గరపడేకొద్దీ ఇసుక నేలలు, రొయ్యల చెరువులు. పొలం ఉన్నవాడు, లేనివాడు, కౌలుకు చేసేవాడు, కూలికి పోయేవాడు - ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి గడప ఎవరు తొక్కకూడదో ముందే నిర్ణయమైపోయిన ఊళ్ళు ఇవి. హెచ్.ఐ.వి. ఈ ఊళ్ళలోకి వచ్చేసరికి ఇక్కడ ఖాళీ స్థలమేమీ లేదు. హద్దులు గీసే ఉన్నాయి.

2

ముందు మాటల సంగతి చూద్దాం. సమాజం తన ఆలోచనను మొట్టమొదట మాటల్లోనే దాచుకుంటుంది.

తెలుగులో 'అంటువ్యాధి' అన్నా, 'అంటరానివాడు' అన్నా మూలం ఒక్కటే - అంటు. ఒకటి రోగానికి సంబంధించిన మాట, మరొకటి కులానికి సంబంధించిన మాట. కాని రెండింటిలోనూ తాకితే ఏదో వచ్చి మీద పడుతుందన్న భావమే ఉంది. వందల ఏళ్ళుగా రోగం లేని మనిషిని తాకకూడదని నేర్చుకున్న సమాజానికి, రోగం ఉన్న మనిషిని తాకకూడదని వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. హెచ్.ఐ.వి. తాకితే రాదు. కలిసి తింటే రాదు. ఒకే గ్లాసుతో నీళ్ళు తాగితే రాదు. దోమ కుడితే రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం, రక్తం, ఒకరు వాడిన సూది మరొకరు వాడడం, తల్లినుంచి బిడ్డకు - దాని దారులు ఇవే. అయినా మన భాషలో అది 'అంటు'గానే స్థిరపడింది.

కుష్ఠును మన పల్లెల్లో 'పెద్దరోగం' అనేవారు. పేరు చెబితేనే వస్తుందన్నట్టు పేరు తప్పించి పలికేవారు. హెచ్.ఐ.వి.కి ఆ పాటి మారుపేరు కూడా దక్కలేదు. 'ఆమెకు అది ఉందట', 'ఆయన దానితోనే పోయాడట' - ఇలా ఒక సర్వనామమే పేరయింది. లైంగికంగా సంక్రమించే వ్యాధులకు మనం పెట్టుకున్న మాట 'సుఖవ్యాధులు'. ఈ మాటలోనే తీర్పు ఉంది. సుఖపడ్డాడు కాబట్టి అనుభవిస్తున్నాడని తీర్పు. భర్తనుంచి వ్యాధి తెచ్చుకున్న ఇల్లాలికీ, ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం వల్ల తెచ్చుకున్న రోగికీ, పుట్టుకతోనే వచ్చిన పసిబిడ్డకూ ఇదే మాట వర్తించింది. ఏ సుఖానికి ఈ శిక్ష అని అడిగినవాడు లేడు.

3

బాపట్ల ప్రాంత చరిత్రలో వెలికి పాత అధ్యాయాలున్నాయి. వాటిని చూడకుండా ఈ కొత్త అధ్యాయం అర్థం కాదు.

మొదటిది కుష్ఠు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం కుష్ఠు రోగుల చట్టం చేసింది. జీవనాధారం లేక అడుక్కునే కుష్ఠు రోగిని పట్టి ఆశ్రమంలో పెట్టడానికి అది అధికారమిచ్చింది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ చట్టం చెయ్యి పడింది బీద రోగి మీదే. కలిగినవాడి కుష్ఠు ఇంటి గదిలో దాగింది, లేనివాడి కుష్ఠు చట్టానికి దొరికింది. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వారు కుష్ఠు రోగులకోసం ఆసుపత్రి నడిపారు. సొంత ఊరు గెంటేసిన మనుషులకు అక్కడ కట్టు కట్టే చేతులు దొరికాయి. ఆ మేరకు ఆ సేవను తక్కువ చేయకూడదు. కాని ఊరు మాత్రం తన పని తాను చేసుకుంది - రోగిని పంపించి తలుపు వేసుకుంది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తర్వాత కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బు అయింది. 1898 నాటి చట్టాన్ని మాత్రం 2016లో గాని రద్దు చేయలేదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును వివాహ చట్టాలనుంచి తీసివేసింది 2019లో. మందు వచ్చిన ముప్పై ఏళ్ళకు పైగా వెలి చట్టంలోనే బతికి ఉంది.

రెండవది స్టువర్టుపురం. బాపట్లకూ చీరాలకూ మధ్య ఉన్న ఈ ఊరు 1910ల్లో నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలకోసం ఏర్పడిన సెటిల్‌మెంటు. దీని నిర్వహణ కూడా సాల్వేషన్ ఆర్మీదే. ఇక్కడ రోగం లేదు, క్రిమి లేదు. పుట్టుకే నేరమని చట్టం రాసింది. హాజరు వేయించుకోకుండా కదలడానికి వీల్లేదంది. 1952లో ఆ చట్టం పోయింది. కాని నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఊరి పేరు సినిమా పోస్టర్ల మీద దొంగతనానికి మారుపేరుగా వేలాడింది. ఉద్యోగానికి వెళ్ళిన ఆ ఊరి కుర్రవాడు తన ఊరి పేరు చెప్పడానికి వెనకాడవలసి వచ్చింది.

మూడవది అన్నిటికన్నా పాతది - ఊరికీ, వాడకూ మధ్య ఉన్న దూరం. టీ హోటల్లో రెండు రకాల గ్లాసులు మా ప్రాంతంలో నా తరం కళ్ళతో చూసినవే. 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని వేటాడి చంపారు. ఆ రెండు ఊళ్ళూ నేటి బాపట్ల జిల్లాలోనివే. చుండూరులో హత్యాకాండకు ముందు జరిగినది సాంఘిక బహిష్కరణ. పని ఇవ్వవద్దు, సరుకు ఇవ్వవద్దు, మాట్లాడవద్దు. వెలి అంటే కేవలం మనసులోని అసహ్యం కాదనీ, అది కూలినీ, తిండినీ, నేలనూ అదుపులో పెట్టే సాధనమనీ చుండూరు చెప్పినంత స్పష్టంగా మరే సంఘటనా చెప్పలేదు.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. కులం వేరు, రోగం వేరు. కాని వెలివేసే పద్ధతి ఒకే బడిలో నేర్చుకున్నది. టీ హోటల్లోని రెండో గ్లాసు, హెచ్.ఐ.వి. వచ్చిన తర్వాత ఇంట్లోకి వచ్చింది. కన్నకొడుక్కి, కోడలికి, ఒక్కోసారి ఆరేళ్ళ మనవడికి వేరు కంచం, వేరు గ్లాసు, పంచలో వేరు మంచం.

4

ఇక కొత్త రోగం సంగతి. 1981 జూన్‌లో అమెరికాలో ఎయిడ్స్ రోగుల తొలి నివేదిక వెలువడింది. తొలి రోజుల్లో దాన్ని స్వలింగ సంపర్కుల జబ్బుగా పిలిచారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు వైరస్‌ను వేరుచేసి చూపారు. క్రిమికి కులం, దేశం, లింగం తెలియవని శాస్త్రం చెప్పింది. అప్పటికే సమాజం దానికి ఒక చిరునామా రాసి పెట్టింది.

మన దేశంలో తొలి చిరునామా మద్రాసు. 1986లో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి మద్రాసులో వ్యభిచార వృత్తిలో ఉన్న మహిళల రక్తాన్ని సేకరించారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షిస్తే కొన్ని నమూనాల్లో హెచ్.ఐ.వి. బయటపడింది. వైద్య చరిత్రలో అది గొప్ప పరిశోధనే. ఆ వైద్యుల పట్టుదల వల్లనే దేశం మేలుకొంది. కాని ఆ రక్తం ఎవరిది? చట్టం కింద పట్టుబడి ప్రభుత్వ గృహాల్లో ఉన్న స్త్రీలది. కాదనే స్వేచ్ఛ లేనివాళ్ళది. వాళ్ళ దగ్గరకు వెళ్ళిన మగవాళ్ళ రక్తం తీసినవాడు లేడు. అందుచేత దేశం దృష్టిలో రోగం ఆ స్త్రీలనుంచి పుట్టినట్టయింది. వాళ్ళలో కొందరిని గడువు తీరినా రోగం పేరుతో నిర్బంధంలోనే ఉంచితే, పాత్రికేయురాలు శ్యామలా నటరాజ్ మద్రాసు హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది.

1989లో గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేయబోయి హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలాడు. పోలీసులు పట్టుకుపోయి, పాడుబడ్డ క్షయ ఆసుపత్రిలో అరవైనాలుగు రోజులు బంధించారు. రక్తం ఇవ్వబోయినందుకు ఇది బహుమానం. ఆ నిర్బంధానికి వీలిచ్చిన గోవా చట్టాన్ని బొంబాయి హైకోర్టు సమర్థించింది. అదే 1989లో కేంద్రం రోగులపై బలవంతపు చర్యలకు వీలిచ్చే ఎయిడ్స్ బిల్లును రాజ్యసభలో పెట్టింది. నిరసన వచ్చాక 1992లో ఉపసంహరించుకుంది. కుష్ఠు చట్టం చేసిన చేతులు మళ్ళీ అదే కలం పట్టుకున్నాయి. తెల్లదొర పోయినా కలం అలాగే ఉంది.

5

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. 2000 తర్వాతి సంవత్సరాల్లో దేశంలో హెచ్.ఐ.వి. అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటని, రాష్ట్రంలో గుంటూరు జిల్లా ముందు వరసలో ఉందని పత్రికలు రాశాయి. జిల్లాలో లక్షమందికి పైగా రోగులున్నారన్న లెక్క ప్రచారంలో ఉండేది. ఈ లెక్క ఎలా పుట్టిందో తెలుసుకుంటే, ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా అందులోనే దొరుకుతుంది.

ప్రభుత్వం ఊరూరా తిరిగి రక్తం పరీక్షించలేదు. ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణులనుంచి, సుఖవ్యాధుల విభాగానికి వచ్చే రోగులనుంచి ఏటా కొన్ని వందల నమూనాలు తీసుకునేది. ఆ నమూనాల్లో వచ్చిన శాతాన్ని జిల్లా జనాభాకు వర్తింపజేసి మొత్తం అంచనా వేసేది. చవకైన పద్ధతి, వేగమైన పద్ధతి. ఆ పద్ధతిలో గుంటూరు జిల్లాకు వచ్చిన అంచనా లక్షా పన్నెండు వేల పైచిలుకు.

హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం 2004-05లో ఇదే గుంటూరు జిల్లాలో పల్లెలూ, పట్నాలూ కలిపి 66 చోట్ల ఇంటింటికీ వెళ్ళి, 15-49 ఏళ్ళ వయసున్న పన్నెండు వేలకు పైగా మందిని పరీక్షించింది. 2006 డిసెంబరులో ఫలితాలు ప్రకటించింది. వ్యాధి ఉన్నది సుమారు 1.7 శాతం మందిలో. జిల్లా మొత్తానికి లెక్కిస్తే 46 వేలకు లోపు. అంటే సర్కారు లెక్క అసలు కన్నా దాదాపు రెండున్నర రెట్లు.

ఎందుకింత తేడా వచ్చింది? పరిశోధకులు మూడు కారణాలు చెప్పారు. సుఖవ్యాధుల విభాగం లెక్కల్ని అనవసరంగా అదనంగా కలపడం ఒకటి. పేదలు ఎక్కువగా ప్రభుత్వ ఆసుపత్రికే పోవడం మరొకటి. మూడవది ఈ వ్యాసానికి ప్రాణం - హెచ్.ఐ.వి. ఉందని తేలినవాళ్ళను, ఉందేమోనని అనుమానం వచ్చినవాళ్ళను ఇతర ఆసుపత్రులు ప్రభుత్వ ఆసుపత్రులకు పంపించే అలవాటు.

ఈ మూడో కారణాన్ని మామూలు భాషలోకి మార్చుకుందాం. నెలలు నిండిన మనిషి డబ్బు కట్టి ఒక నర్సింగ్ హోమ్‌లో చేరుతుంది. రక్తపరీక్షలో 'అది' ఉందని తేలుతుంది. వెంటనే, 'ఇక్కడ వీలుపడదు, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి' అంటారు. ఆమె పోతుంది. అక్కడ ఆమె రక్తం ప్రభుత్వ నమూనాలో చేరుతుంది. ఆమెలాంటివాళ్ళంతా ఒక్కచోటికే నెట్టబడ్డారు కాబట్టి ఆ ఒక్కచోట రోగం కుప్పగా కనిపిస్తుంది. ఆ కుప్పను కొలిచి జిల్లా అంతా ఇలాగే ఉందని ప్రకటిస్తారు. ప్రైవేటు ఆసుపత్రి గడప దగ్గర జరిగిన వెలి, ప్రభుత్వ ఆసుపత్రి రిజిస్టరులో రోగంగా నమోదయింది. ఆ పెరిగిన అంకెను చూసి జనం మరింత భయపడ్డారు. ఆ భయాన్ని చూపి మరికొందరు వెలివేశారు. వెలి లెక్కను పెంచింది, లెక్క వెలిని పెంచింది.

గడప దగ్గర ఆ మాట అన్నవాళ్ళు చదువులేని పల్లెజనం కారు. తాకితే రాదని పాఠ్యపుస్తకంలో చదివి పరీక్ష రాసినవాళ్ళు. చేతి తొడుగులు, సూదులు శుద్ధిచేసే పరికరాలు ఉన్నవాళ్ళు. కనుక అజ్ఞానమే వెలికి మూలమన్న వాదన ఇక్కడే, ఈ అంకె దగ్గరే, వీగిపోతుంది. ఒక హెచ్.ఐ.వి. కాన్పు జరిగిందని తెలిస్తే మిగతా రోగులు రారన్న లెక్క అక్కడ పనిచేసింది. అంటే మూలంలో ఉన్నది వ్యాపారం.

అదే పరిశోధనలో మరో సత్యం బయటపడింది. జీవన ప్రమాణాల్లో కింది సగంలో ఉన్నవాళ్ళలో వ్యాధి సుమారు 2.6 శాతం, పై సగంలో 1.2 శాతం. క్రిమికి వర్గం తెలియదు నిజమే. కాని క్రిమి నడిచే దారుల్ని వర్గం వేసింది. పనికోసం నెలల తరబడి ఇల్లు వదిలి పోయేది ఎవరు? చిన్నపాటి సుఖవ్యాధికి సకాలంలో వైద్యం దొరకనిది ఎవరికి? కడుపుకోసం ఒళ్ళు అమ్ముకునేది ఎవరు? వాళ్ళకే ఈ రోగమూ ఎక్కువగా వచ్చింది.

2007 జులైలో కేంద్రం కూడా దేశం మొత్తం అంచనాను 52 లక్షలనుంచి 25 లక్షలకు దించింది. పాలకులు ఊపిరి పీల్చుకున్నారు. అంకె సగమైంది. వెలి సగం కాలేదు.

6

2003 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రమంతటా గోడల మీద, హోర్డింగుల మీద ఒక ప్రశ్న వెలిసింది - పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ చేయించిన ప్రచారమది. పేరు మారుమోగింది. అంతవరకు నలుగురిలో పలకని మాటను నలుగురి నోటా పలికించింది. ఆ మేలు కాదనలేం.

కాని ఆ ప్రచారం రోగాన్ని ఒక మగవాడి తిరుగుడుగా, నవ్వులాటగా చూపింది. పులిరాజా ఎవరి దగ్గరకు పోతాడో జనం ఊహించుకున్నారు. పులిరాజా తిరిగి ఇంటికి వస్తాడనీ, ఆ ఇంట్లో ఒక భార్య ఉంటుందనీ ఆ హోర్డింగు మీద లేదు. నవ్విన జనానికి ఆమె కనిపించలేదు. పైగా 'పులిరాజా' అనేది బస్టాండుల్లో, హాస్టళ్ళలో తిట్టుగా మారింది. సన్నబడ్డ ప్రతి మనిషీ పులిరాజా అయ్యాడు.

ఆమె ఎక్కడ కనిపించింది? గర్భిణుల పరీక్షల్లో కనిపించింది. తల్లినుంచి బిడ్డకు వ్యాధి రాకుండా ఆపే కార్యక్రమం 2002 నుంచి విస్తరించింది. అది అవసరమైన కార్యక్రమం, ఎందరో బిడ్డల్ని కాపాడింది. అయితే దాని వల్ల చాలా ఇళ్ళలో మొదట పరీక్ష జరిగింది కోడలికే. మొదట బయటపడింది కనుక మొదట తెచ్చింది కూడా ఆమే అన్నారు. భర్త పరీక్షకు రాడు. వచ్చినా ఆ కాగితం బయటికి రాదు. అతను చనిపోతే 'మొగుణ్ణి మింగింది' అన్న మాట మన భాషలో ఎప్పటినుంచో తయారుగా ఉంది.

మా మండలంలోని ఒక పల్లెనుంచి ఒకావిడ అర్జీ రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చింది. ఊళ్ళో నలుగురికీ కాగితాలు రాసిపెట్టే అలవాటు నాకుంది. భర్త పోయి ఏడాది దాటింది. అరవై సెంట్ల మాగాణి అతని వాటాకు రావాలి. "మాస్టారూ, రోగం సంగతి మాత్రం రాయబాకండి" అంది మొదటి మాటగా. అత్తింటివాళ్ళు భూమి ఇవ్వమని అనలేదట. "నువ్వు మాత్రం ఎన్నాళ్ళుంటావమ్మా, నీకెందుకు పొలం, పిల్లాడికి మేం చూస్తాంగా" అన్నారట. పెద్దమనుషులు కూడా అదే సబబన్నారట. ఆ మాటలో కోపం లేదు, అసహ్యం కూడా లేదు. జాలి ఉంది. ఆ జాలి కిందే అరవై సెంట్లు ఉన్నాయి.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె మొదటి తరగతి వారసురాలు. పెద్దమనుషులకు ఈ సంగతి తెలియక కాదు. కాని వాళ్ళ లెక్క వేరు. రెండు మూడేళ్ళలో పోయే మనిషికి వాటా ఎందుకని. ఆమె మాత్రం గుంటూరు పోయి మందులు తెచ్చుకుంది, పొద్దూ మాపూ మానకుండా వేసుకుంది, బతికింది, నాట్లకూ కోతలకూ పోయింది. వాళ్ళ లెక్క ప్రకారం ఎప్పుడో చచ్చిపోవలసిన మనిషి తాసీల్దారు కచేరీ మెట్ల మీద కూర్చుంది. రోగం కన్నా ఆమె బతికి ఉండడమే వాళ్ళకు ఎక్కువ ఇబ్బంది అయింది.

7

ఆమెను బతికించిన మందు చరిత్ర కూడా తెలుసుకోవాలి. మూడు మందులు కలిపి వాడే చికిత్స 1996లో స్థిరపడింది. ఒక మనిషికి ఏడాదికి పది, పదిహేను వేల డాలర్లు. ధనిక దేశాల్లో మరణాలు తగ్గాయి, పేద దేశాల్లో శవాలు లేస్తూనే ఉన్నాయి. మందు ఉంది, మనిషీ ఉన్నాడు. మధ్యలో పేటెంటు అనే గోడ ఉంది.

ఆ గోడకు కన్నం వేసింది మన 1970 నాటి పేటెంట్ల చట్టం. అది మందు తయారుచేసే పద్ధతికే గాని మందుకు పేటెంటు ఇవ్వలేదు. ఆ వీలుతోనే 2001 ఫిబ్రవరిలో బొంబాయి కంపెనీ సిప్లా ఏడాదికి 350 డాలర్లకు ఆ మందులిస్తానని ప్రకటించింది. హెటిరో, అరబిందో, మ్యాట్రిక్స్ వంటి హైదరాబాదు కంపెనీలు కూడా ఈ మందుల తయారీలో ముందుకొచ్చాయి. ఆఫ్రికా రోగులు మన మందులతో బతికారు. దేశభక్తి ఉపన్యాసాల్లో ఈ మాట తరచు వినిపిస్తుంది. కాని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత చికిత్స మొదలైంది 2004 ఏప్రిల్ 1న. అదీ వేళ్ళమీద లెక్కపెట్టగల కేంద్రాల్లో. అంతకుముందు హైదరాబాదు పొలిమేరల్లో తయారయ్యే మాత్ర, మూడువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్లపాలెం కూలివాడికి చేరలేదు. చేరాలంటే పొలం అమ్మాలి. పొలం లేనివాడు అమ్మేదేమీ లేదు. 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మేరకు ఆ చట్టాన్నే మార్చి, మందులకు పేటెంట్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

2017 నుంచి వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికీ వెంటనే మందు ఇస్తున్నారు. మందు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు దొరకని స్థాయికి తగ్గినవారినుంచి లైంగికంగా మరొకరికి వ్యాధి సోకదని శాస్త్రం తేల్చిచెప్పింది. ఇంతకన్నా పెద్ద వార్త ఈ రోగం చరిత్రలో లేదు. కాని మందుకోసం సొంత ఊరికి దగ్గరి కేంద్రం వదిలి, ఎవరికీ తెలియని దూరపు ఊరికి బస్సెక్కేవాళ్ళు ఉన్నారు. వరసలో ఎవరైనా చూస్తారేమోనని భయం. బస్సు ఖర్చు, ఒకరోజు కూలి - ఇది వెలి వసూలు చేసే పన్ను. శాస్త్రం భయాన్ని తీసివేసిన తర్వాత కూడా మిగిలినదే అసలైన వెలి.

8

న్యాయస్థానాలు ముందు తడబడ్డాయి, తర్వాత కొంత నిలదొక్కుకున్నాయి. 1997లో బొంబాయి హైకోర్టు, పని చేయగలిగిన మనిషిని హెచ్.ఐ.వి. కారణంగా పనిలోనుంచి తీసేయడం చెల్లదంది. 1998లో సుప్రీంకోర్టు మరో కేసులో హెచ్.ఐ.వి. ఉన్నవారి వివాహ హక్కునే నిలిపివేసినట్టు మాట్లాడింది. ఆ మాటలు అనవసరమని 2002లో తానే చెప్పుకుంది. 2006లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, హెచ్.ఐ.వి. పేరుతో పోలీసు ఉద్యోగం నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమంది. ఈ కేసులన్నీ గెలిచినవాళ్ళు పేరు చెప్పుకోలేక కోర్టు కాగితాల్లో అక్షరాలుగా మిగిలారు. గెలిచినా పేరు చెప్పుకోలేని గెలుపు ఇది.

2017లో పార్లమెంటు హెచ్.ఐ.వి. చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10నుంచి అది అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో, అద్దె ఇంటిలో వివక్ష చూపకూడదంది. ఉమ్మడి ఇంటిలో ఉండే హక్కును, ఆ ఇంటి వసతులను అందరితో సమానంగా వాడుకునే హక్కును ఇచ్చింది. అంటే పంచలోని వేరు మంచం గురించి, వేరు గ్లాసు గురించి చట్టం మాట్లాడింది. ఇది చిన్న విషయం కాదు. కాని ఫిర్యాదు అధికారి ఉండవలసింది నూరుమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లో, ఆసుపత్రులైతే ఇరవైమంది లేదా అంతకు మించి ఉన్న చోట. నాట్ల ముఠాకు, రొయ్యల చెరువు కాపలాదారుకు, ఇటుకబట్టీ కూలికి ఫిర్యాదు అధికారి ఎవరు? చికిత్స విషయంలో ప్రభుత్వాల బాధ్యతకు 'సాధ్యమైనంతవరకు' అన్న మాట తగిలించారు. పేదవాడి విషయంలో ఆ మాటకు అర్థమేమిటో మనకు తెలుసు.

2021 అంచనాల్లో మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత దేశంలో ఆంధ్రప్రదేశే ఉంది - 0.67 శాతం. హోర్డింగులు దిగిపోయాయి, విదేశీ నిధులు తగ్గాయి, పత్రికలు వేరే విషయాలకు పోయాయి. మనుషులు మాత్రం ఇక్కడే ఉన్నారు.

9

అభ్యుదయ సాహిత్యం అంటరానితనాన్ని మనసు మార్పుతో పోయే జాడ్యంగా చూసినంతకాలం, హరిజనుణ్ణి జాలిగా చూడమని కథలు రాసింది. భూమి, కూలి, అధికారం సంగతి మాట్లాడిన తర్వాతే ఆ సాహిత్యానికి వెన్నెముక వచ్చింది. హెచ్.ఐ.వి. గురించి మన కథలు ఇంకా ఆ మొదటి మెట్టు మీదే ఉన్నాయి. తప్పు చేసిన భర్త, అమాయకురాలైన భార్య, చివర్లో ఒక మరణం, పాఠకుడి కన్నీరు. 'అమాయకురాలు' అనగానే మరొకరు దోషి అని ఒప్పుకున్నట్టే. రోగానికి దోషి ఉండడు. రోగిని గడపనుంచి పంపినవాడే దోషి. బిడ్డకు చూస్తామంటూ భూమి రాయించుకున్నవాడే దోషి.

రచయిత అడగవలసిన ప్రశ్నలు ఇవి: ఈ వెలి వల్ల ఎవరికి ఏమి మిగిలింది? ఏ ఆసుపత్రికి ఏ రోగులు దక్కారు, ఏ అన్నదమ్ములకు ఏ పొలం దక్కింది, ఏ యజమానికి నోరెత్తని కూలి దక్కింది? మన జిల్లాలో ఒక అంకె రెండున్నర రెట్లు ఉబ్బింది. ఆ ఉబ్బులో ఎన్ని మూసిన తలుపులున్నాయో ఏ కథకుడూ ఇంకా రాయలేదు. కుష్ఠుకు మందు వచ్చాక వెలి చట్టం పోవడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. ఈ రోగానికి మందు వచ్చి అంతకాలమూ కావస్తోంది. వెలి తనంతట తాను పోతుందని ఎదురుచూడడం చరిత్ర మనకు నేర్పలేదు. తీసివేస్తేనే పోతుంది. అరవై సెంట్ల పొలం ఆమె పేరుకు ఎక్కించే పనితో అది మొదలవుతుంది.